ఎక్కాల ఆటను మీరే తయారుచేయండి: స్క్రాచ్‌లో ‘వజ్రాల వేట’, కాగితం నుంచి ఫోన్ దాకా

“బడిలో నాలుగు కంప్యూటర్లున్నాయి. పిల్లలు ఆడుకుంటూ నేర్చుకునే ఆట ఏదైనా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?” కర్నూలు, ఆదోని, గుత్తి వైపు టీచర్ల నుంచి ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. ఇంట్లో పిల్లలకు ఏదైనా చేసిపెడదామనుకునే తల్లిదండ్రులు, ప్రాజెక్టు కోసం వెతుక్కునే డిగ్రీ విద్యార్థులు కూడా ఇదే అడుగుతున్నారు. ముక్కలు ముక్కలుగా చెప్తే ఎవరి పనీ తెమలడం లేదు. అందుకే ఒక్క ఆటను తీసుకుని, కాగితం మీద గీసుకోవడం దగ్గర్నుంచి ఫోన్లో ఆడించడం దాకా వరుసగా రాస్తున్నాను.

ఆట ఇది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతకడం మనకు తెలిసిందే. మన ఆటలోనూ అలాంటి చేనే ఉంటుంది. రాళ్లు పైకి తేలుతుంటాయి, ప్రతి రాయి మీదా ఒక సంఖ్య. ఏడో ఎక్కంలో వచ్చే సంఖ్య ఉంటే అది వజ్రం, లేకపోతే ఉత్త రాయి. 60 సెకన్లలో ఎన్ని వజ్రాలు ఏరితే అన్ని మార్కులు. మూడు తప్పులైతే ఆట ఖతం.

ప్రోగ్రామింగ్ రాని వాళ్లు కూడా రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే చేయగలరు. 8, 9 తరగతుల పిల్లలైతే మీకంటే ముందే ముగిస్తారు, అది వేరే సంగతి.

1. కంప్యూటర్ తెరవకముందు

చాలామంది నేరుగా బొమ్మలు గీయడంతో మొదలుపెడతారు. రెండో రోజుకి చేను బ్రహ్మాండంగా ఉంటుంది, ఆట మాత్రం ఉండదు. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ నాలుగూ రాయండి:

- ఎవరి కోసం: ఉదాహరణకు 4, 5 తరగతుల పిల్లలు
- ఏ ఒక్క విషయం: ఏడో ఎక్కం గుర్తుపట్టడం
- పిల్లవాడు చేసే పని ఏమిటి: చూడడం, గుర్తుపట్టడం, నొక్కడం
- ఒక ఆట ఎంతసేపు: ఒక నిమిషం

రెండో గీత దగ్గరే చాలామంది జారిపోతారు. “ఎక్కాలన్నీ పెడదాం, కూడికలు కూడా పెడదాం, చివర్లో జీకే ప్రశ్నలు” అంటారు. అలా పెట్టిన ఆట ఒక్కటీ పూర్తవదు. ఒక్క ఎక్కంతో పూర్తిచేయండి, తర్వాత పెంచుకోవచ్చు.

మూడో గీత ఇంకా ముఖ్యం. ప్రశ్న అడిగి, కింద నాలుగు జవాబులు పెట్టి, సరైతే చప్పట్లు వినిపిస్తే దాన్ని ఆట అనేస్తున్నాం. అది రంగులు పూసిన పరీక్ష. నేర్చుకోవాల్సిన పని, ఆటలో చేసే పని ఒకటే అయి ఉండాలి. ఇక్కడ ఎక్కం గుర్తుపట్టకుండా వజ్రం దొరకదు కాబట్టి ఆ షరతు తీరుతోంది.

2. ఏమేం కావాలి

స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఇందులో కోడ్ టైప్ చేయాల్సిన పని లేదు, రంగు రంగుల బ్లాకులను ఒకదాని కింద ఒకటి తగిలిస్తూ పోవడమే. ఇంటర్నెట్ బాగుంటే బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు. బడిలో నెట్ నమ్మకం లేదనుకుంటే విండోస్ 10 లేదా ఆ తర్వాతి కంప్యూటర్‌లో స్క్రాచ్ యాప్ వేసుకోండి. ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు.

బ్లాకుల పేర్లను తెర మీద కనిపించే ఇంగ్లీషు మాటల్లోనే చెప్తాను, వెతుక్కోవడానికి తేలిక.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- స్క్రాచ్ తెరుచుకుంటోందా, పిల్లి బొమ్మ కనిపిస్తోందా
- మౌస్ ఉందా (ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో బ్లాకులు లాగడం విసుగు)
- పరీక్షించడానికి ఒక ఆండ్రాయిడ్ ఫోన్, పాతదైతే ఇంకా మంచిది
- తెలుగులో టైప్ చేసే కీబోర్డు

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఫైల్ మెనూలో ‘సేవ్ టు యువర్ కంప్యూటర్’ నొక్కడం అలవాటు చేసుకోండి. ఫైలు ఎస్‌బీ3 రకంగా (స్క్రాచ్ సొంత ఫైలు రకం) సేవ్ అవుతుంది. ప్రతి పెద్ద మార్పుకీ వజ్రాలు1, వజ్రాలు2 అని కొత్త పేరు పెట్టండి. ఏదైనా చెడితే వెనక్కి పోవచ్చు.

3. తప్పు సంఖ్యలు ఏరుకోవడం

బొమ్మల కంటే, కోడ్ కంటే దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి.

వజ్రాలు సులభం: 7, 14, 21, 28, 35, 42, 49, 56, 63, 70. పది సంఖ్యలు. ఉత్త రాళ్ల మీద ఏ సంఖ్యలు రాస్తాం? చేతికొచ్చినవి రాస్తే ఆట చప్పగా ఉంటుంది. 2, 5, 10 లాంటివి చూడగానే పిల్లవాడు వదిలేస్తాడు, ఆలోచించడు. పిల్లలు నిజంగా ఎక్కడ తప్పుతారో అక్కడి సంఖ్యలే కావాలి.

తరగతిలో ఎక్కం అప్పజెప్పించుకుంటూ వినండి. “ఏడు ఎనిమిదులు...” దగ్గర ఆగి 54 అనేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. 49కి బదులు 48 అంటారు. చివర 7 ఉంటే చాలు, ఏడో ఎక్కమే అనుకునేవాళ్లుంటారు. నేనైతే ఈ పది తీసుకుంటాను:

- చివర 7 ఉన్నవి: 17, 27, 37, 47
- అసలు సంఖ్యకు ఒకటి అటూ ఇటూ: 15, 36, 48, 62, 69
- వేరే ఎక్కంతో కలగలిసేది: 54 (ఆరు తొమ్ముదులు, 56 పక్కనే)

మీ తరగతిలో వేరే తప్పులు వినిపిస్తే వాటినే పెట్టండి. ఒక్క జాగ్రత్త: పెట్టిన ప్రతి సంఖ్యనూ ఏడుతో భాగించి చూడండి. తొందరలో ఉత్త రాళ్లలో 77 లాంటిది పెట్టేస్తే, ఎక్కం సరిగ్గా వచ్చిన పిల్లవాడే తికమకపడతాడు.

4. బొమ్మలు

స్క్రాచ్ తెరను స్టేజ్ అంటారు. 480 వెడల్పు, 360 ఎత్తు. సరిగ్గా మధ్యలో ఎక్స్ 0, వై 0. కుడి అంచు 240, ఎడమ అంచు మైనస్ 240, పైన 180, కింద మైనస్ 180. ఈ లెక్క ఒక కాగితం ముక్క మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి, మాటిమాటికీ కావాలి.

చేను: బ్యాక్‌డ్రాప్ (ఆట వెనక కనిపించే బొమ్మ) గీసే చోట కింది మూడింట రెండు వంతులు ఎర్రమట్టి రంగు, పైన లేత మబ్బు రంగు. అంతే చాలు. గడ్డి, చెట్లు, మడకలు అన్నీ గీస్తే రాళ్లు కనిపించవు.

రాయి: పిల్లి బొమ్మను తీసేసి కొత్త స్ప్రైట్ (ఆటలో పని చేసే బొమ్మ) ఒకటి పెయింట్ చేయండి, పేరు ‘రాయి’. లేత బూడిద రంగులో గుండ్రటి రాయి, దాని మీద నల్లగా లావుగా సంఖ్య. వెడల్పు సుమారు 60 ఉంటే పెద్ద తెర మీద ఎక్కువనిపిస్తుంది కానీ ఫోన్లో వేలితో నొక్కడానికి అంత కావాలి. గీసే పలకకు నడుమ చిన్న గుర్తు కనిపిస్తుంది, రాయి నడిమధ్య దాని మీదకు రావాలి.

అన్ని రాళ్లూ ఒకే ఆకారం, ఒకే రంగు. వజ్రాలు మెరిసేలా, రాళ్లు మట్టిరంగులో గీయాలని అందరికీ చేయి దురద పుడుతుంది. అలా గీస్తే పిల్లలు సంఖ్య చదవడం మానేసి మెరుపు చూసి నొక్కుతారు. మెరుపు నొక్కిన తర్వాత రావాలి.

ఒక రాయి అయ్యాక దాని మీద రైట్ క్లిక్ చేసి ‘డూప్లికేట్’ నొక్కుతూ మొత్తం 20 కాస్ట్యూములు (ఒకే బొమ్మకు వేసే వేర్వేరు వేషాలు) చేయండి. మొదటి పది వజ్రాలు, తర్వాతి పది ఉత్త రాళ్లు. ఇక్కడ మొత్తం ఆట ఆధారపడిన చిట్కా ఒకటుంది: ప్రతి కాస్ట్యూమ్ పేరు దాని మీదున్న సంఖ్యే అయి ఉండాలి. 56 అని గీసిన దాని పేరు పెట్టెలో కూడా 56. డూప్లికేట్ చేసినప్పుడు స్క్రాచ్ తనకు తోచిన పేరు పెట్టేస్తుంది, మీరే మార్చాలి. పేరును 56 అనే అంకెల్లోనే రాయండి. తెలుగు అంకెల్లో రాస్తే స్క్రాచ్ దాన్ని సంఖ్యగా లెక్కపెట్టదు.

తాత: తప్పు నొక్కినప్పుడు చెప్పడానికి ఒక మనిషి కావాలి. తలపాగా చుట్టుకున్న తాతను గీయండి, రాకపోతే స్క్రాచ్ లైబ్రరీలోని ఏదో ఒక మనిషి బొమ్మ తీసుకోండి. ఎక్స్ మైనస్ 180, వై 110 దగ్గర, అంటే పైన ఎడమ మూల నిలబెట్టండి.

ముగింపు బోర్డు: ‘ఆట అయిపోయింది’ అని రాసిన బొమ్మ. తెలుగు అక్షరాలను స్క్రాచ్‌లోనే టైప్ చేస్తే ఒక కంప్యూటర్‌లో ఉన్నట్టు ఇంకో దాంట్లో కనిపించకపోవచ్చు, ఒత్తులు చెదరవచ్చు. వేరే చోట తెలుగులో రాసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, ‘అప్‌లోడ్ కాస్ట్యూమ్’ ద్వారా తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు.

5. వేరియబుల్స్

వేరియబుల్ అంటే మారే విలువను దాచుకునే పెట్టె. ‘మేక్ ఎ వేరియబుల్’ నొక్కి ఆరు చేయండి. పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. అడిగినప్పుడు అన్నిటికీ ‘ఫర్ ఆల్ స్ప్రైట్స్’ ఎంచుకోండి.

- మార్కులు
- ఛాన్సులు
- సమయం
- ఆగు (తాత మాట్లాడుతున్నప్పుడు 1, మిగతా వేళ 0)
- తప్పుసంఖ్య
- కింది (తప్పుసంఖ్యకు ముందు ఏడో ఎక్కంలో వచ్చే సంఖ్య)

మొదటి మూడింటికి మాత్రమే టిక్ ఉంచండి, మిగతావి తెర మీద కనిపించనక్కర్లేదు. వీటితో పాటు ‘మేక్ ఎ లిస్ట్’ నొక్కి ‘తప్పులు’ అనే జాబితా ఒకటి చేయండి. అది ఎందుకో తరగతి గది దగ్గర చెప్తాను.

6. కోడ్: ఈ వరుసలోనే

ఒక్కో భాగం పూర్తవగానే పచ్చ జెండా (ఆట మొదలుపెట్టే బటన్) నొక్కి చూడండి. అంతా పెట్టేసి చివర్లో చూద్దామనుకుంటే తప్పు ఎక్కడుందో దొరకదు.

6.1 స్టేజ్

స్టేజ్‌ను ఎంచుకుని ‘వెన్ ఫ్లాగ్ క్లిక్డ్’ బ్లాకుతో మొదలుపెట్టండి. దాని కింద:

1. మార్కులు 0, ఛాన్సులు 3, సమయం 60, ఆగు 0 గా సెట్ చేయండి
2. ‘డిలీట్ ఆల్ ఆఫ్ తప్పులు’, ‘హైడ్ లిస్ట్ తప్పులు’
3. ‘మొదలు’ అనే సందేశాన్ని బ్రాడ్‌కాస్ట్ చేయండి (అంటే అన్ని బొమ్మలకూ అందేలా పంపండి)
4. ‘రిపీట్ అంటిల్’ పెట్టి షరతుగా: సమయం 1 కంటే తక్కువ లేదా ఛాన్సులు 1 కంటే తక్కువ
5. దాని లోపల: ఒక సెకను ‘వెయిట్’, ఆగు 0 అయితే సమయాన్ని మైనస్ 1 మార్చండి
6. రిపీట్ బయట, దాని కింద: ‘వెయిట్ అంటిల్’ ఆగు = 0; తర్వాత ‘ముగింపు’ బ్రాడ్‌కాస్ట్

ఆరో అడుగులో ‘వెయిట్ అంటిల్’ వదిలేస్తే, మూడో తప్పు చేసిన పిల్లవాడికి తాత చెప్పేది వినపడకముందే ఆట మూసుకుపోతుంది. అందరికంటే ఎక్కువగా ఆ మాట అవసరమైనవాడు వాడే.

6.2 రాయి పుట్టడం

రాయి స్ప్రైట్‌లో ‘వెన్ ఫ్లాగ్ క్లిక్డ్’ కింద ‘హైడ్’. అసలు రాయి ఎప్పుడూ దాక్కునే ఉంటుంది, తెర మీద కనిపించేవన్నీ దాని నకళ్లు. వాటినే క్లోన్ అంటారు.

‘వెన్ ఐ రిసీవ్ మొదలు’ కింద స్టేజ్‌లో పెట్టిన షరతుతోనే ఇంకో ‘రిపీట్ అంటిల్’. లోపల: ఆగు 0 అయితే ‘క్రియేట్ క్లోన్ ఆఫ్ మైసెల్ఫ్’, ఒక సెకను వెయిట్.

‘వెన్ ఐ స్టార్ట్ యాజ్ ఎ క్లోన్’ కింద:

1. ‘స్విచ్ కాస్ట్యూమ్ టు’ లో ‘పిక్ రాండమ్ 1 టు 20’
2. ‘గో టు’: ఎక్స్‌లో ‘పిక్ రాండమ్ మైనస్ 3 టు 3’ ఇంటూ 65, వైలో ‘పిక్ రాండమ్ మైనస్ 2 టు 0’ ఇంటూ 60
3. ‘షో’
4. 6 సెకన్లు వెయిట్
5. ‘డిలీట్ దిస్ క్లోన్’

రెండో అడుగులో గుణకారం ఎందుకంటే, రాళ్లు గళ్లలో పెట్టినట్టు వస్తాయి. ఎక్కడపడితే అక్కడ రానిస్తే ఒకదాన్నొకటి సగం కప్పేసుకుని 54 కాస్తా 5 లాగా కనిపిస్తుంది. అప్పుడప్పుడూ ఒకే గడిలో రెండు పడతాయి, పైనున్నదే నొక్కబడుతుంది, పర్వాలేదు. ‘షో’ మూడో అడుగులోనే ఉండాలి. ముందే పెడితే రాయి ఒక్క క్షణం పాత చోట తళుక్కుమని దూకుతుంది.

6.3 నొక్కినప్పుడు

ఆట గుండెకాయ ఇదే. ‘వెన్ దిస్ స్ప్రైట్ క్లిక్డ్’ కింద, మొత్తాన్నీ ‘ఇఫ్ ఆగు = 0’ లోపల పెట్టండి. దాని లోపల ‘ఇఫ్ ఎల్స్’.

షరతు: ‘కాస్ట్యూమ్ నేమ్’ మాడ్ 7 = 0. మాడ్ అంటే భాగిస్తే మిగిలే శేషం, ఆకుపచ్చ ఆపరేటర్లలో ఉంటుంది. 56ను 7తో భాగిస్తే శేషం 0, కాబట్టి వజ్రం. 54కైతే 5 మిగులుతుంది, ఉత్త రాయి.

సరైతే:
- మార్కులు 1 పెంచు
- ‘ఒప్పు’ బ్రాడ్‌కాస్ట్
- డిలీట్ దిస్ క్లోన్

తప్పైతే:
- ఆగు 1
- తప్పుసంఖ్యను కాస్ట్యూమ్ నేమ్‌గా సెట్ చేయి
- దాన్నే తప్పులు జాబితాలో చేర్చు
- ఛాన్సులు మైనస్ 1
- ‘తప్పు’ బ్రాడ్‌కాస్ట్
- డిలీట్ దిస్ క్లోన్

‘ఒప్పు’ అందగానే ‘స్టార్ట్ సౌండ్’ వినిపించే పని స్టేజ్‌కు అప్పగించండి. మెరుపు కావాలంటే పెద్ద వజ్రం బొమ్మ ఒకటి చేసి, అదే సందేశానికి అర సెకను చూపించి దాచేయండి.

ఛాన్సులు మూడే ఎందుకంటే, వాటిని తీసేసి ఒకసారి పిల్లల చేతికిచ్చి చూడండి. రెండో నిమిషానికి రెండు చేతుల వేళ్లతో తెరంతా టపటపా కొట్టేస్తారు. “అన్నీ నొక్కితే అయిపాయ కదా సార్” అంటారు. నిజమే, తప్పుకు ఖర్చు లేకపోతే ఆలోచించడానికి కారణమూ లేదు.

6.4 తాత

తప్పు నొక్కగానే ఎర్ర ఇంటూ మార్కు, ఢాం అనే శబ్దం పెట్టడం మామూలు. పిల్లవాడికి అందులో తెలిసేది ఒక్కటే, తాను తప్పు చేశాడని. ఎందుకు తప్పో తెలియదు. మన తాత అది చెప్పాలి.

తాత స్ప్రైట్‌లో ‘వెన్ ఐ రిసీవ్ తప్పు’ కింద:

1. కిందిని ఇలా సెట్ చేయండి: 7 ఇంటూ (తప్పుసంఖ్య భాగింపు 7 యొక్క ‘ఫ్లోర్’). ఆపరేటర్లలో ‘ఏబీఎస్ ఆఫ్’ అనే బ్లాకు ఉంటుంది, దాని బాణం నొక్కితే ఫ్లోర్ దొరుకుతుంది. చుక్క తర్వాత భాగాన్ని అది కత్తిరించేస్తుంది.
2. ‘సే ఫర్ 3 సెకండ్స్’ లో ‘జాయిన్’ బ్లాకులను ఒకదానిలో ఒకటి పెట్టి ఈ వాక్యం కట్టండి: కింది, “ తర్వాత ”, కింది ప్లస్ 7, “. మధ్యలో ”, తప్పుసంఖ్య, “ రాదు”
3. ఆగు 0

54 నొక్కితే లెక్క ఇలా నడుస్తుంది: 54ను 7తో భాగిస్తే 7.71, ఫ్లోర్ చేస్తే 7, ఏడు ఏళ్లు 49. తాత అంటాడు: “49 తర్వాత 56. మధ్యలో 54 రాదు.” ప్రతి తప్పుకూ మీరు విడిగా వాక్యం రాయనక్కర్లేదు, ఏ సంఖ్యకైనా ఇదే కోడ్ సరిపోతుంది.

మాటల చుట్టూ ఖాళీ ఉంచడం మరవకండి. లేకపోతే “49తర్వాత56” అని అతుక్కుపోతుంది. తాత మాట్లాడేటప్పుడు సమయం ఆగుతుంది, కొత్త రాళ్లు రావు, నొక్కినా పలకదు. పిల్లవాడికి ఆ వాక్యం చదవడం తప్ప వేరే పని ఉండదు.

కాస్ట్యూమ్ పక్కనే ఉన్న సౌండ్స్ ట్యాబ్‌లో మీ గొంతు రికార్డ్ చేసుకునే వీలుంది. చదవడం ఇంకా రాని చిన్నపిల్లల కోసం “ఇంకోసారి చూడు నాయనా” లాంటిది మీ యాసలోనే చెప్పి పెట్టండి. యంత్రం గొంతు కంటే బాగుంటుంది.

6.5 ముగింపు

రాయిలో: ‘వెన్ ఐ రిసీవ్ ముగింపు’ కింద డిలీట్ దిస్ క్లోన్. బోర్డులో: జెండా నొక్కితే హైడ్, ముగింపు అందితే షో. స్టేజ్‌లో: ముగింపు అందితే ‘షో లిస్ట్ తప్పులు’.

7. పని చేయకపోతే

49, 47 నొక్కితే మార్కులొస్తున్నాయి, మిగతా ఏవి నొక్కినా తప్పే. ఎక్కువమందికి వచ్చే తంటా ఇదే. కాస్ట్యూమ్ బ్లాకులో మొదట ‘నంబర్’ అని ఉంటుంది, దాన్ని ‘నేమ్’గా మార్చలేదు. స్క్రాచ్ సంఖ్యను వదిలేసి వరుస నంబరు చూస్తోంది. వరుసలో ఏడోది 49, పద్నాలుగోది 47, అందుకే అవి రెండే వజ్రాలయ్యాయి.

ఒక్క రాయి మాత్రమే తప్పు చెప్తోంది. బొమ్మ మీద 63 ఉంటుంది, పేరు పెట్టెలో ఇంకేదో ఉంటుంది.

రాళ్లు అసలు రావడం లేదు. క్లోన్ భాగంలో ‘షో’ ఉందా చూడండి. ఉంటే, ‘మొదలు’ సందేశం పేరు రెండు చోట్లా ఒకటేనా చూడండి. తెలుగులో రెండుసార్లు టైప్ చేసినప్పుడు ఒక ఖాళీ ఎక్కువ పడినా అవి రెండు వేర్వేరు సందేశాలే. మెనూలోంచి ఎంచుకోండి, మళ్లీ టైప్ చేయకండి.

ఒక తప్పు తర్వాత ఆట బిగుసుకుపోయింది. తాత కోడ్ చివర ‘ఆగు 0’ పెట్టలేదు.

జెండా మళ్లీ నొక్కినా రాళ్లు రావు. తాత మాట మధ్యలో ఎవరో ఆట ఆపేశారు, ఆగు 1 దగ్గరే ఉండిపోయింది. స్టేజ్ మొదట్లో ‘ఆగు 0’ ఉంటే ఈ సమస్య రాదు.

ఆట అయిపోయాక కూడా రాళ్లు పుడుతున్నాయి. రాయిలోని రిపీట్‌కు షరతు పెట్టకుండా ‘ఫరెవర్’ వాడి ఉంటారు.

8. పిల్లల చేత ఆడించి చూడడం

మీరు ఆడితే బాగానే ఉంటుంది, ఎందుకంటే చేసింది మీరే. ఆట తెలియని పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టండి. గుంపుగా కూర్చోబెడితే తెలివైనవాడు ఒకడు చెప్పేస్తాడు, మిగతావాళ్లు నొక్కుతారు.

కష్టమైన నియమం ఒకటుంది: మీరు నోరు తెరవకూడదు. “అది కాదురా, సంఖ్య చూడు” అని ఒక్కసారి అన్నారంటే ఆట పనిచేస్తోందా, మీరు పనిచేస్తున్నారా తెలియదు.

గమనించాల్సినవి:

- ఏం చేయాలో చెప్పకుండానే అర్థమైందా? లేకపోతే మొదట్లో తాత చేత “ఏడో ఎక్కం రాళ్లు ఏరు” అనిపించండి
- సంఖ్య చదివి నొక్కుతున్నారా, ఊరికే నొక్కుతున్నారా
- తాత మాట చదువుతున్నారా, ఎప్పుడు పోతుందా అని చూస్తున్నారా
- వేలు ఒక రాయి మీద పెడితే పక్కది పడుతోందా
- ఆట అయ్యాక మళ్లీ జెండా దగ్గరకు చేయి పోతోందా

వేళ్ల కణుపుల మీద 7, 14, 21 అని లెక్కపెట్టుకుంటూ పైకి పోయే పిల్లలుంటారు. 49 దాకా వచ్చేసరికి రాయి మాయమవుతుంది. వాళ్లకు ఎక్కం రాదనుకోకండి, మీ ఆట వాళ్లకు వేగంగా ఉంది. వాళ్లు కణుపులు లెక్కపెట్టడం ఆటకు అడ్డం కాదు, అదే నేర్చుకోవడం. 6 సెకన్లను 9 చేయండి. ఎక్కం నోటికి వచ్చాక వాళ్లే “ఇది మెల్లగా పోతాంది సార్” అంటారు, అప్పుడు తగ్గించండి. వేగాన్ని బట్టి ఆట కష్టం చేయడం చాలా సులభం, అందుకే అందరూ అదే చేస్తారు. కానీ ముందు సంఖ్యలతో కష్టం చేయండి, వేగం జోలికి చివర్లో పోండి.

9. ఫోన్లోకి ఎక్కించడం

చాలా ఇళ్లలో ఉండే కంప్యూటర్ ఫోనే. స్క్రాచ్ ఫైలును నేరుగా పంపితే ఫోన్లో తెరుచుకోదు. టర్బోవార్ప్ ప్యాకేజర్ అనే ఉచిత సాధనం బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందులో మీ ఎస్‌బీ3 ఫైలు ఇచ్చి, హెచ్‌టీఎంఎల్ రకం (బ్రౌజర్‌లో తెరుచుకునే ఫైలు) ఎంచుకుని ప్యాకేజ్ నొక్కితే ఒకే ఒక్క ఫైలు వస్తుంది. బొమ్మలు, శబ్దాలు, కోడ్ అన్నీ దాని లోపలే.

ఆ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. అవతలివాళ్లు దాన్ని ఫోన్లో సేవ్ చేసుకుని క్రోమ్‌తో తెరవాలి. నెట్ లేకపోయినా ఆడుతుంది. మన ఆటలో కీబోర్డు వాడలేదు, అంతా నొక్కడమే, కాబట్టి టచ్ ఫోన్లో మార్పులేమీ చేయకుండా నడుస్తుంది. బాణం కీలతో నడిపించే ఆటను ఎంచుకోకపోవడం ఇందుకే.

పంపే ముందు:

- ఫోన్‌ను అడ్డంగా తిప్పి చూశారా
- ఎండలో తెర మీద సంఖ్యలు కనిపిస్తున్నాయా
- ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి ఆడారా
- పిల్లల పేర్లు, ఫొటోలు, గొంతులు ఎక్కడైనా ఉండిపోయాయా

చివరిది మరవకండి, ముఖ్యంగా ఆటను స్క్రాచ్ సైటులో అందరికీ కనిపించేలా పెట్టేటప్పుడు. అక్కడ పెట్టింది ఎవరైనా తెరిచి చూడగలరు.

10. తరగతిలో ఎలా వాడాలి

నాలుగు కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు అనుకుందాం. ఒక్కో దాని దగ్గర పదిమంది. ఒకరు ఆడతారు, పక్కనున్నవారు పలక మీద తప్పులు రాస్తారు, మిగతావాళ్లు మనసులోనే ఆడతారు. నిమిషానికి ఒకరు మారితే పది, పదిహేను నిమిషాల్లో అందరి వంతూ అవుతుంది. పీరియడ్ మొత్తం ఆడించకండి, విసుగు పుడుతుంది.

ఆట అయ్యాక తెర మీద తప్పులు జాబితా వస్తుంది కదా, టీచర్‌కు కావాల్సింది అదే. మార్కుల కంటే దాన్నే చూడండి. సగం మంది జాబితాలో 54 ఉంటే మర్నాడు బోర్డు మీద ఏం చెప్పాలో తెలిసిపోతుంది. నాలుగు కంప్యూటర్ల మీదా ఎవరికెన్ని మార్కులో పోల్చి చప్పట్లు కొట్టించడం మొదలుపెడితే, లెక్కల్లో వెనకబడిన పిల్లలు వంతు వచ్చినప్పుడు బాత్రూముకు పోతామంటారు. ఎవరి మార్కులను వాళ్ల నిన్నటి మార్కులతో పోల్చుకోమనండి.

11. ఇదే అచ్చులో ఇంకో ఆట

ఎనిమిదో ఎక్కానికి మార్చాలంటే కాస్ట్యూములు మార్చి, కోడ్‌లో 7 ఉన్న ప్రతి చోటా 8 పెట్టాలి. మూడు చోట్లే ఉంటుంది: మాడ్ దగ్గర ఒకటి, తాత దగ్గర భాగింపు ఒకటి, గుణకారం ఒకటి. తాత వాక్యంలోని ప్లస్ 7ను మరిచిపోయేవాళ్లు ఎక్కువ, దాన్ని కూడా కలిపితే నాలుగు. ‘ఎక్కం’ అనే వేరియబుల్ చేసి అన్నిచోట్లా దాన్నే పెడితే ఈ గొడవ ఉండదు.

తెలుగు అక్షరాలకు కూడా ఇదే చేను పనికొస్తుంది. రాళ్ల మీద మాటలు రాసి, ‘ళ’ రావాల్సిన చోట ‘ల’ రాసినవాటిని ఉత్త రాళ్లు చేయండి: కళ్ళు వజ్రం, కల్లు రాయి అని మాత్రం పెట్టకండి, రెండూ మాటలే, ఇంటికెళ్లి అడుగుతారు. అక్షరాలకు మాడ్ పనిచేయదు కాబట్టి షరతుగా ‘కాస్ట్యూమ్ నంబర్’ 11 కంటే తక్కువ అని పెట్టండి. ఇక్కడ మొదటి పది వజ్రాలన్న వరుసే ఆధారం, కాబట్టి కాస్ట్యూములు కలగాపులగం కానివ్వకండి.

సాంఘిక శాస్త్రానికైతే మన జిల్లాలతో చేయొచ్చు. ‘కర్నూలు జిల్లాలోవి ఏరు’ అని పెట్టి కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాక్ గార్డెన్ వజ్రాలు. గండికోట, లేపాక్షి, బేలం గుహలు ఉత్త రాళ్లు. పాత పుస్తకం ముందు పెట్టుకుని చేయకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక బేలం గుహలు నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. తాత వాక్యం కూడా ఇక్కడ మారుతుంది. లెక్కతో కట్టలేం, ఒక్కో రాయికి ఒక్కో వాక్యం జాబితాలో రాసుకుని, నొక్కిన కాస్ట్యూమ్ నంబరును బట్టి ‘ఐటెమ్ ఆఫ్’ బ్లాకుతో తీయాలి. ఇరవై వాక్యాలు రాయడానికి ఒక గంట పడుతుంది. అది బద్ధకించి “తప్పు, మళ్లీ ప్రయత్నించు” అని ఒకే వాక్యం పెట్టేసేలా ఉంటే, ఆ ఆట కంటే మ్యాపు ముందు పెట్టి చూపించడం మేలు.